మిగిలిపోయిన గంధం

ఆ రోజుల్లో మా రాజపాళయంలో ఎవరికైనా ఒక విషయం విడమరిచి చెప్పాలంటే, ముందు "నువ్వు ఎవరింటి పిల్లోడివి?" అన్న ప్రశ్న దాటాలి. దానికి జవాబు చెప్పామా, మన ఉపన్యాసం అంతటితో ముగిసినట్టే. మిగతా గంటంతా వాళ్ళే మాట్లాడతారు. మన తాత వాళ్ళ మేనత్తకు ఏమవుతాడు, ఆ వైపునుంచి చూస్తే మనం వాళ్ళకు తమ్ముడా, ఈ వైపునుంచి చూస్తే అల్లుడా, ఇదే చర్చ. భూమి పుట్టుక గురించి చెప్పడానికి వెళ్ళి, నేను ఒక ముసలమ్మకు మరిది వరుస అవుతానని తెలుసుకొని ఇంటికి తిరిగివచ్చిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. నాలుగు వందల మైళ్ళ అవతలి తెలుగు నేలనుంచి ఎప్పుడో ఈ అరవదేశానికి వచ్చి స్థిరపడి, ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ తమలో తామే చేసుకుంటూ వచ్చిన జనం కదా. ఊళ్ళో ప్రతి మనిషీ ప్రతి మనిషికీ కనీసం రెండు వరుసల్లో చుట్టం. ఇది నాకు భరించరాని చికాకుగా ఉండేది. ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి భరించరానివి చాలా ఉంటాయి. నాకు మామూలు కంటే ఎక్కువ ఉండేవి.

అరవైల చివరి సంగతి ఇది. పగలు కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా పిల్లలకు లోలకాలు ఊపి చూపించేవాణ్ణి. సాయంత్రం మిల్లు సంగు (సైరను) ఊదాక, ఒక సైకిలు షాపు మేడ మీద జరిగే మా పగుత్తరివు సంగంలో, అంటే హేతువాద సంఘంలో, బల్ల గుద్ది మాట్లాడేవాణ్ణి. బొట్టు పెట్టుకోను, విభూతి రాసుకోను, మంచి గంట చూడను, గంధం గిన్నె చేత్తో ముట్టను అని ఆ మేడ మీదే అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాను. (గిన్నె ముట్టమని నన్నెవరూ అడగలేదు. అయినా చేశాను.) కింద షాపులో సైకిలు ట్యూబుకు గాలి కొట్టే చప్పుడు మా ఆవేశానికి తాళం వేస్తూ ఉండేది.

అప్పుడే న్యూట్రినో నా జీవితంలోకి వచ్చింది. మా కాలేజీ లైబ్రరీకి ఓడలో వచ్చే ఒక సైన్సు పత్రిక ఉండేది. నెలల ఆలస్యంగా వచ్చేది, వచ్చాక నేను తప్ప ఎవరూ తెరిచేవారు కాదు. అందులో చదివాను. సూర్యుడి కడుపులో పుట్టే అతి సూక్ష్మమైన కణాలవి. మన ఒంట్లోంచి, ఇంట్లోంచి, పడమటి కొండల్లోంచి, మొత్తం భూమిలోంచి దేనికీ తగలకుండా దూసుకుపోతాయి. అమెరికాలో ఒక గని అడుగున పెద్ద తొట్టె కట్టి, దాన్నిండా బట్టల మరకలు తీసే ద్రవం పోసి వాటికోసం కాపు కాశారు. సూర్యుడు ఎన్నిటిని పంపుతున్నాడో లెక్క కట్టి పెట్టుకున్నారు. తీరా చూస్తే మూడోవంతుకు అటూ ఇటూగా మాత్రమే చిక్కాయి. మిగతావి ఏమయ్యాయి? సూర్యుడి లెక్క తప్పా, తొట్టె తప్పా అని పెద్దపెద్దవాళ్ళు తల పట్టుకున్నారు. ఒక శాస్త్రజ్ఞుడు మాత్రం రెండూ తప్పు కాకపోవచ్చు అన్నాడు. ఈ కణాల్లో రకాలున్నాయి, దారిలో ఒక రకం ఇంకో రకంగా మారుతూ ఉండవచ్చు, ఆ తొట్టెకేమో ఒక్క రకాన్నే పట్టడం వచ్చు, మారి వచ్చినవి దాని ముందునుంచే పోతున్నా అది చూడలేదు అన్నాడు. చదివి నేను లైబ్రరీలో లేచి నిలబడ్డాను. (లైబ్రేరియను కూర్చోమన్నాడు.)

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. మా నాయన మజ్జిగన్నం కలుపుతూ అంతా విన్నాడు. ఆయన పరువు అనే ఒక్క పదార్థంతో తయారైన మనిషి.

"దారిలో మారేదానికి ఏమి మరియాదరా? ఇంటినుంచి ఏమని బయలుదేరిందో, పోయి చేరేటప్పుడు అదేగా ఉండవలె," అన్నాడు.

"అది మరియాద సంగతి కాదు నాయనా, ప్రకృతి..."

"ప్రకృతికిగూడా మరియాద ఉంది. అన్నం తిను."

మా అక్క ఒక్కతే కాస్త ఆలోచించింది. ఆడపిల్లల స్కూల్లో టీచరు. నన్ను 'సైన్సు' అని పిలిచేది. "ఒరే సైన్సూ, తొట్టికి ఒక రకమే తెలుసు అంటివి. అట్లయితే మిగతా రకాలు వచ్చినాయా లేదా అని తొట్టినే అడిగితే ఏమి లాభంరా?" అంది. మంచి ప్రశ్న. కానీ నేను దాన్ని పట్టించుకోలేదు. ఆడపిల్లలు చదవాలని మేడ మీద బల్ల గుద్దేవాడికి సొంత అక్క అడిగిన ప్రశ్న చెవికెక్కకపోవడం ఆ కాలపు హేతువాదంలో మామూలే.

అక్క పెళ్ళి సంగతి చెప్పాలి. అంతకుముందు రెండు సంబంధాలు నిశ్చయందాకా వచ్చి మా నాయన పరువు మీద పడి పగిలాయి. మొదటివాళ్ళు సంబంధం మాట్లాడడానికి ఇంటి పెద్దన్నను కాకుండా చిన్న తమ్ముణ్ణి పంపారు. అంతే, పోయింది. రెండోవాళ్ళ ఇంట్లో ఆయనకు కాఫీ గ్లాసులో వచ్చింది, కింద పెట్టే డబరా గిన్నె రాలేదు. పోయింది. ఈ మూడోది అక్కకు మనసుకు నచ్చిన సంబంధం. పెళ్ళికొడుకు ఊళ్ళోనే ఒక మిల్లులో కరెంటు పని చూసే సూపర్వైజరు. అంతకు ముందేడు స్కూల్లో గంట మోగే కరెంటు బెల్లు చెడిపోతే బాగుచేయడానికి వచ్చాడు. ఆ బెల్లు తరువాత మళ్ళీ మళ్ళీ చెడిపోయింది. ఎందుకు చెడిపోయేదో నేను అక్కను అడగలేదు, ఆమె చెప్పలేదు. నిశ్చయానికి ముందు రోజు మాత్రం నా చొక్కా పట్టుకొని, "ఒరే, ఇది కూడా నాయన పోగొడితే నేను ఇంక ఎవరి ముందరా నిలబడను. చూసుకో," అంది. నవ్వుతూ అనలేదు.

మాలో నిశ్చయానికి ఒక పద్ధతి ఉంది. పెళ్ళికూతురి తండ్రి తానే తట్టలో తమలపాకులు, కల్కండు అనే పటికబెల్లం పెట్టుకొని మగపెళ్ళివారింటికి వెళ్ళి పిలవాలి. వాళ్ళు బంధుబలగంతో, నాదస్వరంతో వీధుల వెంట నడిచి వస్తారు. తండ్రి కూడా వాళ్ళతోనే బయలుదేరి కొంత దూరం నడిచి, ఆ పైన అడ్డదారిన ముందుగా ఇల్లు చేరి, గుమ్మంలో నిలబడి వాళ్ళకు ఎదురవ్వాలి. గుమ్మం దగ్గర పెళ్ళికూతురి వైపు ముత్తయిదువ ఒకావిడ గంధం గిన్నెతో నిలబడుతుంది. మాప్పిళ్ళ పక్కం, అంటే మగపెళ్ళివారి వైపు మనుషులకు మాత్రమే ఆ గంధం. ఎంత గంధం ఖర్చయితే మగపెళ్ళివారు అంత గౌరవించి వచ్చినట్టు. అందుకని ఇంటి ఆడవాళ్ళంతా చేతులు పీకేలా గంధం అరగదీసి, ఒక పెద్ద ఇత్తడి గిన్నె నింపిపెట్టారు. ఆ గిన్నె మా పెద్దమ్మ చేతికిచ్చారు. రైల్వే స్టేషన్లో టికెట్లు చూసేవాడికి కూడా మా పెద్దమ్మంత నిష్ఠ ఉండదు. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే ఆపి "ఏ పక్కం?" అని అడిగి, సరైన జవాబు వస్తేనే గంధంలో వేలు ముంచేది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఎండ. మిల్లు దూది గాలిలో తేలి, చెమటకు ముఖాలకు అంటుకునే వేళ. మగపెళ్ళివారి ఇల్లు బజారుకు అవతల, ఊరి ఆ చివర. అక్కడినుంచి వస్తే మా వీధి మూల మీద ఐసు కడ, అంటే ఐసు అమ్మే కొట్టు, తగులుతుంది. నాయన తట్ట పట్టుకొని వెళ్ళి పిలిచి, పద్ధతి ప్రకారం ముందుగా వచ్చి, ఉత్తరీయం సర్దుకొని గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, ముఖమంతా సంతోషం. "తెరువు నిండి మంది!" అన్నాడు మా అమ్మతో. "వాళ్ళ ఇంటి ముందర ఇసుక వేస్తే కింద పడదు. సేత్తూరునుంచి, తళవాయిపురంనుంచి, మంసాపురంనుంచి బస్సులు పట్టుకొని వచ్చినారు. ఈ ఊళ్ళో ఎవరికి జరిగింది ఇట్లాంటి మరియాద?"

ముందు కారు వచ్చింది. పెళ్ళికొడుకు తల్లిదండ్రులూ అవ్వా దిగారు. (మాలో నిశ్చయానికి పెళ్ళికొడుకు రాడు.) పెద్దమ్మ గంధం పూసింది. తరువాత నాదస్వరం వచ్చింది. దాని వెనకాల జనం వచ్చారు. వచ్చారు అంటే, ఏదో వచ్చారు. ఒక గుంపు, ఆ వెనక ఇంకొక చిన్న గుంపు, ఆ వెనక తెరువులో ఎండ. డోలు వాయించేవాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. పెద్దమ్మ గిన్నె పట్టుకొని ఇంకాసేపు నిలబడి, లోపలికి వచ్చి, గిన్నెను నాయన ముందు పెట్టింది. మూడింట రెండు వంతుల గంధం అలాగే ఉంది, పైన ఆమె వేళ్ళ గుర్తులతో.

నాయన గిన్నెలోకి చూశాడు. ఆయన ముఖంలో డబరా లేని గ్లాసు నాకు కనబడింది.

"బావగారూ," అన్నాడు పెళ్ళికొడుకు తండ్రితో, నిదానంగా. నిదానంగా మాట్లాడితే మాకు భయం. "మీ ఇంట్లో నేను కండ్లారా చూసినాను అంత మందిని. నా ఇంటికి వచ్చేలోపల వాళ్ళు ఎందుకు తిరుక్కొని పోయినారు? నా వాకిలి వాళ్ళకు తక్కువైందా?"

"అయ్యో, ఎవరు పోయినారు? అందరూ మా వెనకాలనే వచ్చినారు."

"కారులో వచ్చినవాడికి వెనకాల ఏమి తెలుసు? గంధం చూడండి. గంధం అబద్ధం చెబుతుందా?"

"అట్లయితే మేము అబద్ధం చెబుతున్నామా?" అంటూ పెళ్ళికొడుకు తల్లి లేచింది. "ఇంత దూరం పిలిచి ఇదేనా మాట? మా పక్కం మంది అంతా బయలుదేరినారు. మీ వాకిట్లో ఏమయినారో మీరే చెప్పవలె!"

మా పంచాంగం మామ, అంటే అమ్మకు అన్న, పందిరి గుంజ పక్కన కూర్చొని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. "నేను ముందే చెప్పినాను. ఈ పొద్దు శుద్ధంగా లేదు. గంధం ఇంత మిగలడం మంచి శకునం కాదు. ఏదో దృష్టి తగిలింది," అన్నాడు. నాకు తల పగిలిపోయింది. మనుషులు మాయమయ్యారు, దానికి కారణం దృష్టి! అంతమంది పెద్దవాళ్ళున్నారు, లేచి నాలుగడుగులు వేసి వెతుకుదామన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. కొందరు గిన్నెకేసి చూస్తూ చెంపలు వేసుకుంటున్నారు. నాయన అమ్మ వైపు తిరిగి, "తట్టలు లోపల పెట్టు," అన్నాడు. ఇరువైపులవాళ్ళూ తాంబూలం తట్టలు మార్చుకుంటేనే నిశ్చయం. తట్టలు లోపలికి వెళ్తే పెళ్ళి లేదు.

"ఒరే సైన్సూ!" మేడ మెట్ల మీదనుంచి అక్క గొంతు. పట్టుచీరలో సగం దిగి నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు, గొంతులో కోపం. "ఇట్ల రా. నేను మేడ కిటికీలోనుంచి అంతా చూసినాను. ఐసు కడ మూల దాకా మంది నిండుగానే వచ్చినారు. ఆడ మన ఇంటి వెనక సందు ఉంది గదా, అందులో ఒక్కొక్కరే దూరినారు. మాప్పిళ్ళకు చిన్నమ్మ దూరింది, మంసాపురం అత్త దూరింది, సేత్తూరు మామ దూరి, మళ్ళీ బయటికి వచ్చి, మళ్ళీ దూరినాడు. పోయి చెప్పురా నాయనకు!"

ఒక్క క్షణంలో నాకు అంతా వెలిగింది. ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. అక్క పెళ్ళి నిలబడుతుందన్న సంతోషం కాదు నాకు కలిగింది. న్యూట్రినోలు అర్థమయ్యాయన్న సంతోషం. పెళ్ళికొడుకు చిన్నమ్మ మా నాయన పినతండ్రి కొడుకు భార్య కూడా. మంసాపురం అత్త పెళ్ళికొడుకుకు మేనత్త, మా అమ్మకు చిన్నప్పటినుంచీ వదిన. ఆ ఊరేగింపులో ఒక్క వరుస మాత్రమే ఉన్న మనిషి ఎవరున్నారు? అందరూ బయలుదేరినప్పుడే రెండూ కలిసినవాళ్ళు. అక్కడ గడప దాటేటప్పుడు మాప్పిళ్ళ పక్కం పైకి తేలి ఉంటుంది. ఎండలో నడిచేకొద్దీ అది మునిగి, పెళ్ళికూతురి పక్కం తేలుతుంది. ఎందుకంటే మగపెళ్ళివారైతే గుమ్మంలో నిలబడి, గంధం పూయించుకొని, పిలిచేదాకా పందిట్లో బిగుసుకొని కూర్చోవాలి. పెళ్ళికూతురి వైపువాళ్ళైతే నేరుగా వెనక గుమ్మంలోంచి వంటపాకలోకి వెళ్ళి కాఫీ తాగొచ్చు, వంటవాణ్ణి తిట్టొచ్చు. మా పెద్దమ్మ ఆ బట్టల ద్రవం తొట్టె! ఒక్క రకానికే గంధం పూస్తుంది! సేత్తూరు మామ అయితే మారినవాడు మళ్ళీ వెనక్కి మారుతున్నాడు, అచ్చం ఆ శాస్త్రజ్ఞుడు చెప్పినట్టే!

నేను వెళ్ళి పందిట్లో ఉన్న బెంచీ ఎక్కాను. నాయనకు ఒక్క ముక్కలో "అందరూ వెనక ఉన్నారు" అని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ బెంచీ ఎక్కినవాడు ఒక్క ముక్కలో ఎలా చెబుతాడు? "పెద్దలారా!" అని మొదలుపెట్టాను. సూర్యుడి కడుపులోంచి బయలుదేరాను. గని దిగాను. తొట్టె నింపాను. బరువే లేని వస్తువు వెలుగు వేగంతో పోతుంది, దారిలో దానికి కాలం గడవదు, కాబట్టి మారడానికి వీల్లేదు, మారిందంటే ఎంతో కొంత బరువు ఉండి తీరాలి అన్నాను. కారులో సర్రున వచ్చినవాళ్ళు ఎవరూ మారలేదు, నడిచి వచ్చినవాళ్ళే మారారు, చూడండి అన్నాను. (సేత్తూరు మామకు బరువు ఉందా లేదా అన్న అనుమానం ఊళ్ళో ఎవరికీ లేదు.) డోలువాడు ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకొని మధ్యలో రెండు దెబ్బలు వేశాడు.

"ఏమంటాడు మీ పిల్లోడు?" అని పెళ్ళికొడుకు అవ్వ అడిగింది.

"సూరియుడికి దృష్టి తగిలింది అంటాడు," అన్నాడు పంచాంగం మామ.

"అట్లయితే పరిహారం చేయవలె గదా!"

నేను కోపంతో బెంచీ మీదనే కాలెత్తి గట్టిగా కొట్టాను. బెంచీ ఊగింది. నాయన నన్ను దిగమన్నాడు. అమ్మ తట్ట ఎత్తింది. అప్పుడు అక్క మెట్లన్నీ దిగి వచ్చేసింది. నిశ్చయం రోజు పెళ్ళికూతురు పిలవకుండా పందిట్లోకి రాకూడదు. వచ్చింది. నా ముఖానికి దగ్గరగా ముఖం పెట్టి, "నీ తొట్టి కత చాలురా! తొట్టిని విడిచిపెట్టు. ఆ గంధం ఎత్తుకొని ఉండేవాళ్ళ దగ్గరికి నువ్వే పో!" అంది.

గంధం. నేను. మేడ మీద ప్రతిజ్ఞ నాకు గుర్తొచ్చింది. అక్క కళ్ళు కూడా కనబడుతున్నాయి. బల్ల గుద్దిన చేతులతోనే ఆ ఇత్తడి గిన్నె ఎత్తుకున్నాను. "నాయనా, తట్ట లోపల పెట్టడానికి ముందర నాతో ఒక తడవ రా. వచ్చి చూడు, అంతే. పక్కం అడగను. ఆ ఇంటినుంచి ఎవరెవరు బయలుదేరినారో అది మాత్రమే అడుగుతాను," అన్నాను. నేను గంధం గిన్నె పట్టుకున్న దృశ్యం చూస్తూ నాయన వెంట వచ్చాడు. ఆయన వెనక పెళ్ళికొడుకు తండ్రి, ఆ వెనక పందిరి మొత్తం కదిలింది.

వంటపాకలో జనం కిక్కిరిసి ఉన్నారు. పెళ్ళికొడుకు చిన్నమ్మ గరిటెతో పాయసం రుచి చూస్తోంది.

"పిన్నమ్మా, నువ్వు వాళ్ళ ఇంటినుంచే గదా బయలుదేరినావు?"

"ఆమా, అవును. దానికేమి ఇప్పుడు?"

"చెయ్యి చాపు."

"నేను పెండ్లికూతురు పక్కంరా! నాకెందుకు గంధం?"

"ఏ పక్కమైనా సరి. బయలుదేరినావా లేదా?"

"బయలుదేరినాను. వచ్చే దోవలో అనుకుంటిని, అయ్యో, ఆడ వంట ఎవరు చూస్తారని. అంతే." చెయ్యి చాపింది. పూశాను. మంసాపురం అత్తకు పూశాను. కాఫీ గ్లాసులతో బావి గట్టున కూర్చున్న వరసంతా పూశాను. సేత్తూరు మామ తనకు ఇదివరకే అయిందన్నాడు. సందులోంచి లోపలికొచ్చాక, పెళ్ళికూతురి వైపువాళ్ళకు రెండో బంతిలోనే భోజనమని ఎవరో చెప్పారట. మళ్ళీ బయటికి వెళ్ళి ముందు గుమ్మంలో గంధం పూయించుకొని, కాఫీకి మళ్ళీ వెనకకు వచ్చాడట. అయినా మరో చెయ్యి చాపాడు.

అక్కడితో కూడా గంధం అయిపోలేదు, మిగిలినదాంట్లో ఇంకా సగం ఉంది. అప్పుడు పందిరి పక్క కుర్చీల వరస కనబడింది. పత్రిక ప్రకారం న్యూట్రినోల్లో రెండే రకాలు. కానీ ఆ కుర్చీల్లో కూర్చున్న పెద్దలు మాప్పిళ్ళ పక్కం కారు, పెళ్ళికూతురి పక్కం కారు. పెళ్ళికొడుకు పెదనాన్నను అడిగితే, "నేను ఏ పక్కం లేదప్పా, నేను పొదువు," అన్నాడు. పొదువు అంటే ఎవరి వైపూ కాని పెద్దమనిషి, ఏదైనా తగువు వస్తే తీర్చడానికి పనికొచ్చేవాడు. వాళ్ళకే చేతుల కుర్చీలు, విసనకర్రలు. అంతసేపూ అంత తగువు జరిగినా వాళ్ళు ఎందుకు మాట్లాడలేదని అడిగాను. "మమ్మల్ని ఎవరూ పిలవలేదు గదా," అన్నాడు. మూడో రకం ఉందని సైన్సు తరువాత ఎన్నో ఏళ్ళకు ఒప్పుకుంది. మా ఇంట్లో అది అప్పటికే కుర్చీ వేసుకొని కూర్చొని ఉంది.

వాళ్ళందరికీ పూశాక గిన్నె అడుగు కనబడింది. వేలితో గీకితే ఇంకొక్క చేతికి సరిపడా వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి చుట్టూ చూసి, "అంతే, మా ఇంట బయలుదేరినవాళ్ళు అందరూ అయినారు," అంది. ఆ తరువాత నా వెనక్కి చూసి, "లేదు, ఇంకొకరు ఉన్నారు," అంది.

నేనూ అప్పుడే అటు చూశాను. నాయన ఉత్తరీయం ఇంకా చెమటతో తడిసే ఉంది.

"నాయనా, చెయ్యి చాపు."

"నాకెందుకురా?"

"నువ్వూ వాళ్ళ ఇంటినుంచే గదా వాళ్ళతో బయలుదేరినావు? ఐసు కడ మూల దాకా వాళ్ళలో ఒకడివే. ఆడ సందులో దూరి, పెండ్లికూతురు నాయనగా ఈ వాకిట్లో నిలబడినావు. అందరికన్నా ముందర మారినవాడివి నువ్వే."

మా నాయన నా ముఖం చూశాడు, గిన్నె చూశాడు, మెట్ల దగ్గర నిలబడ్డ అక్కను చూశాడు. పరువున్న మనిషి ఇంటినుంచి ఏమని బయలుదేరాడో అదేగా చేరాలి అని ఆయనే అన్నాడు కదా, ఆ మాట ఆయనకూ గుర్తొచ్చి ఉండాలి. మెల్లగా చెయ్యి చాపాడు. పూశాను. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసుకున్నాడు.

"గంధం చాలలేదు," అన్నాడు పెద్దమ్మతో, కొంచెం కరుగ్గా. "రేపు పెండ్లికి ఇంకా ఎక్కువగా అరగదీయవలె." తరువాత అమ్మ వైపు తిరిగి, "తట్ట బయటికి తే," అన్నాడు.

తట్టలు మారాయి. అక్క తల వంచుకొని ఏడుస్తూ నవ్వింది. ఇంతకీ ఈ ఘనకార్యం ఎవరి ఖాతాలో పడిందని అడుగుతారా? పంచాంగం మామ ఖాతాలో. "దృష్టికి పరిహారంగా నాస్తికుడి చేతితో గంధం పూయించినాడు. ఎంత సూక్ష్మం!" అని ఊరంతా ఆయన్ను పొగిడింది. ఆయన కాదనలేదు. సైకిలు షాపు మేడ మీద మా సంఘంవాళ్ళు నన్ను నిలదీశారు. న్యూట్రినోల ప్రకారం చేశానని ఎంత చెప్పినా, గంధం పూశావా లేదా అన్నదే వాళ్ళ ప్రశ్న. పూశాను అన్నాను. ఒక నెల నన్ను మాట్లాడనివ్వలేదు. మా పెద్దమ్మలాగే వాళ్ళ తొట్టె కూడా ఒక్క రకాన్నే పట్టేదని నాకు అప్పుడు తెలిసింది.

చాలా ఏళ్ళు గడిచాక పేపర్లో ఒక వార్త చదివాను. చలి దేశంలో ఎక్కడో లోతైన గనిలో బరువునీళ్ళు నింపి, ఏ రకమని చూడకుండా వచ్చిన న్యూట్రినోలన్నిటినీ లెక్కపెట్టారట. సూర్యుడి లెక్కకూ వచ్చినవాటి లెక్కకూ సరిపోయిందట. దారిలో మారడం నిజమేనట, వాటికి కొంచెం బరువు ఉండడమూ నిజమేనట. పేపరు పట్టుకొని అక్క ఇంటికి పరుగెత్తాను. అక్క అంతా విని, "మనం ముందరనే పూసినాము గదరా," అని పప్పు కడగడానికి లోపలికి వెళ్ళింది.

మొన్న అక్క మనవరాలి నిశ్చయం మా పాత ఇంట్లోనే జరిగింది. పెళ్ళికొడుకు నాకు మనవడి వరుస, అందుకని వాళ్ళతో కలిసి బయలుదేరాను. అదే ఎండ. ఐసు కడ ఇప్పుడు లేదు, సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆ మూలకు వచ్చేసరికి మోకాళ్ళు నొప్పి పుట్టాయి, సందులోంచి కాఫీ వాసన వచ్చింది. వెళ్ళకూడదని గట్టిగా అనుకుంటూనే వెళ్ళాను. వెనక గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద అక్క కూర్చొని ఉంది, ఒళ్ళో చిన్న గంధం గిన్నె. ఆ రోజునుంచి ఊళ్ళో మావాళ్ళ ఇళ్ళల్లో ఏ నిశ్చయం జరిగినా వెనక గుమ్మానికీ ఒక గిన్నె పెడుతున్నారు. ఎందుకు పెడతారని అడిగితే పితృదేవతలకని కొందరు, కాపు కాసే దేవుడికని కొందరు చెబుతారు. నా పేరు ఎవరూ చెప్పరు. ఆచారాలు మాన్పించాలని జన్మంతా గొంతు చించుకున్నవాణ్ణి, మాన్పించినది ఒక్కటీ లేదు. కొత్తగా ఒకటి పెట్టాను, అది మాత్రం స్థిరంగా నిలబడింది. చిరాకు వేసింది.

"వస్తివా సైన్సూ? నువ్వు ఈ దోవలోనే వస్తావని తెలుసు," అంది అక్క. "ఏ పక్కం?"

"తెలియదక్కా. బయలుదేరినాను, అంతే," అని చెయ్యి చాపాను.